రిపోర్టులో ‘తార్కిక ఆలోచన 40%’ అని వచ్చింది. పిల్ల ఎలా ఆలోచిస్తోందో లెక్కల పరీక్ష చెప్పగలదా?

నీలిమేఘం
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ల స్కూల్లో బయటి సంస్థ ఒకటి 40 ప్రశ్నల లెక్కల పరీక్ష పెట్టింది. అన్నీ నాలుగు ఆప్షన్ల ప్రశ్నలే. 29 వచ్చాయి. మార్కులతో నాకు పేచీ లేదు. దాని కింద రంగురంగుల చార్టు ఒకటి వేశారు: జ్ఞానం 83%, అన్వయం 71%, తార్కిక ఆలోచన 40%. దాని కింద మళ్లీ ఒక వాక్యం: ‘విశ్లేషణాత్మక ఆలోచనలో లోపం కనిపిస్తోంది, లాజిక్ కోర్సు సిఫార్సు చేస్తున్నాం.’

పిల్ల అది చదివి “అంటే నాకు బుర్ర లేదనా?” అని అడిగింది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇలాంటి రిపోర్టులను ఎంతవరకు నమ్మొచ్చు? ఈ రంగం తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

అడ్డుప్రశ్న
ఆ లాజిక్ కోర్సు అమ్మేది ఎవరు?

నీలిమేఘం
వాళ్లే.

అడ్డుప్రశ్న
అయితే ఇంకేం అడుగుతారండీ, జవాబు దొరికింది కదా.

గణాంకం
అమ్మేది వాళ్లే అయినంత మాత్రాన రిపోర్టు తప్పయిపోదు. ముందు ఒక్క విషయం చూసి చెప్పండి. ఆ ‘తార్కిక ఆలోచన’ కింద ఎన్ని ప్రశ్నలున్నాయి? 40% అంటే 5లో 2 కావచ్చు, 10లో 4 కావచ్చు, 15లో 6 కావచ్చు. మూడూ ఒకటి కాదు.

నీలిమేఘం
రిపోర్టు వెనక చిన్న అక్షరాల్లో ఉంది. జ్ఞానం 18, అన్వయం 17, తార్కిక ఆలోచన 5. అంటే ఐదింట్లో రెండు రైటు.

గణాంకం
అనుకున్నాను. ఐదు ప్రశ్నల మీద శాతం వేస్తే ఒక్క ప్రశ్న విలువ 20%. ఒక్క బబుల్ పక్కన పడితే 40 కాస్తా 60 అయిపోతుంది, లేదా 20 అవుతుంది. అలాంటప్పుడు ‘5లో 2’ అని రాయడమే మర్యాద. శాతం వేయగానే అదేదో థర్మామీటరు చూపించిన అంకెలా కనిపిస్తుంది.

కాస్త లెక్క చూద్దాం. మీ అమ్మాయికి ఆ రకం ప్రశ్నల్లో నిజంగా 70% చేయగల సత్తా ఉందనుకోండి, అంటే అన్వయంలో ఎంతో ఇందులోనూ అంతే. అలాంటి ఐదు ప్రశ్నలు ఇస్తే రెండు లేదా అంతకంటే తక్కువ రైటయ్యే అవకాశం దాదాపు 16%. ఆరుగురిలో ఒకరికి ఏ లోపమూ లేకుండానే ఈ ‘లోపం’ అంటగట్టినట్టు.

ఇంకో కోణం. మొత్తం 40 ప్రశ్నల పరీక్షకు విశ్వసనీయత (మళ్లీ పెడితే దాదాపు అవే మార్కులు వస్తాయా అనే కొలత, గరిష్ఠం 1) 0.90 ఉందనుకుందాం, మంచి పరీక్షే అని అర్థం. అందులోంచి అదే తరహా ప్రశ్నలు ఐదే తీసుకుంటే, పరీక్ష పొడుగు మారితే విశ్వసనీయత ఎంత మారుతుందో చెప్పే స్పియర్‌మన్-బ్రౌన్ సూత్రం ప్రకారం అది 0.53 దగ్గరికి పడిపోతుంది. దాన్ని పట్టుకుని ఒక పిల్ల గురించి వాక్యం రాయకూడదు. గణాంక శాస్త్రవేత్త షెల్బీ హేబర్‌మన్ 2008లో ఒక కొలమానం ఇచ్చాడు: ఒక భాగంలో విద్యార్థి అసలు సత్తాను, ఆ భాగం మార్కు కంటే మొత్తం మార్కే బాగా అంచనా వేస్తుంటే, ఆ భాగం మార్కును విడిగా ఇవ్వడం దండగ. చాలా పరీక్షల్లో ఈ చిన్న చిన్న భాగాల మార్కులు ఆ గీత దాటవు.

పలకబలపం
గణాంకం గారు అంకెల వైపు నుంచి చెప్పారు. నేను క్లాసురూమ్ వైపు నుంచి ఒక మాట.

‘జ్ఞానం’, ‘అన్వయం’, ‘తార్కిక ఆలోచన’ అనే చీటీలు ప్రశ్నకు అంటిస్తారు. ఆలోచన జరిగేది పిల్లలో. ఈ రెండూ ఎప్పుడూ కలవాలని లేదు. ‘వరుసగా మూడు సంఖ్యల మొత్తం 3తో ఎందుకు భాగించబడుతుంది’ అనే ప్రశ్న తొలిసారి చూసిన పిల్లకు తర్కం. కిందటి వారమే ట్యూషన్‌లో చేసిన పిల్లకు అది వట్టి జ్ఞాపకం. ఇద్దరికీ ఒకే మార్కు, ఒకే చీటీ. చార్టులో మాత్రం ఇద్దరి ‘తర్కం’ సమానం!

సిరాచుక్క
ఇలాంటి పరీక్షలకు ప్రశ్నలు రాయడమే నా పని, కాబట్టి మా వైపు కూడా కాస్త వినండి. ఆ మూడు చీటీలు ఎవరో గాల్లోంచి తెచ్చినవి కావు. టిమ్స్ అనే అంతర్జాతీయ గణిత, విజ్ఞాన సర్వే వాడే విభజన అది. 2019 ఫ్రేమ్‌వర్క్‌లో ఎనిమిదో తరగతికి జ్ఞానం 35%, అన్వయం 40%, తార్కిక ఆలోచన 25% అని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రశ్నపత్రం మొత్తం బట్టీ ప్రశ్నలతో నిండిపోకుండా చూసుకోవడానికి అది మంచి కొలబద్ద. చీటీ ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ల కోసం. దాన్ని తిప్పి పిల్ల నుదుట అంటించడం దగ్గరే తేడా కొడుతుంది.

పైగా 40లో 5 అంటే పన్నెండున్నర శాతం. ఆ కొలబద్ద వాడామని చెప్పుకునేవాళ్లకైనా ఇది తక్కువే.

నీలిమేఘం గారూ, మీ దగ్గర పిల్ల ఏ ఆప్షన్ పెట్టిందో ఉందా? మేము తప్పు ఆప్షన్లు ఊరికే రాయం. ఒక్కో తప్పు ఆప్షన్ ఒక్కో తప్పుదారికి చివర ఉంటుంది. ఏ దారిన వెళ్లిందో అది చెబుతుంది. రిపోర్టు తయారయ్యేసరికి అదంతా 0గా, 1గా మారిపోతుంది, అసలు సమాచారం అక్కడే పోతుంది.

నీలిమేఘం
ప్రశ్నపత్రం, ఆమె జవాబులు రెండూ ఇచ్చారు. తప్పయిన మూడు ‘తర్కం’ ప్రశ్నలు ఇవీ, నా మాటల్లో:

17వది: 0.4, 0.35, 0.275లలో పెద్దది ఏది, ఎందుకు? ఆమె పెట్టింది: “0.275, ఎందుకంటే అందులో ఎక్కువ అంకెలున్నాయి.”

26వది: 0.6కు, 0.7కు మధ్య ఎన్ని దశాంశ సంఖ్యలు ఉంటాయి? పెట్టింది: “ఒక్కటీ లేదు.”

40వది: అగ్గిపుల్లలతో చదరాల వరుస. మొదటి బొమ్మకు 4, రెండోదానికి 7, మూడోదానికి 10 పుల్లలు. 20వ బొమ్మకు ఎన్ని? ఖాళీగా వదిలేసింది.

లెక్కలపంతులు
ఈ మూడింట్లో తర్కం ఎక్కడ తప్పింది తల్లీ?

17, 26 రెండూ దశాంశాలే. పాయింటు తర్వాత ఉన్నదాన్ని మామూలు పూర్ణసంఖ్యలా చదువుతోంది. 275, 35, 4 అనుకుంటే 275 పెద్దదే. 6 తర్వాత 7 వస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు, అదీ నిజమే. తాను పట్టుకున్న నియమాన్ని తు.చ. తప్పకుండా వాడింది. నియమం తప్పు, తర్కం భేషుగ్గా ఉంది. ఇక 40వది చిట్టచివరి ప్రశ్న, ఖాళీ. టైమ్ అయిపోయిందేమో అడగండి.

అడ్డుప్రశ్న
పంతులుగారూ, మీరంటే గౌరవమే. కానీ ఐదు ప్రశ్నలు చూసి ‘తర్కం లేదు’ అన్నవాళ్లను ఇప్పటిదాకా ఏకిపారేశాం. మీరేమో రెండే ప్రశ్నలు చూసి ‘దశాంశాలను పూర్ణసంఖ్యల్లా చదువుతోంది’ అని తేల్చేశారు. మీ కథ వినసొంపుగా ఉందని నమ్మాలా?

లెక్కలపంతులు
న్యాయమైన ప్రశ్న. నమ్మక్కర్లేదు, పరీక్షించొచ్చు. నా ఊహ నిజమైతే మిగతా 35 ప్రశ్నల్లో కూడా దాని జాడ కనపడాలి. ఏది తప్పవ్వాలో, ఏది రైటవ్వాలో ముందే చెబుతాను. దశాంశాల కూడికలో పాయింటు తర్వాత అంకెల సంఖ్య వేరువేరుగా ఉంటే తప్పు రావాలి. సమానంగా ఉంటే రైటు రావాలి. పోలికలోనూ అంతే. నీలిమేఘం గారూ, చూసి చెప్పండి.

నీలిమేఘం
ఇప్పుడే చూశాను. 0.62, 0.48లలో పెద్దది: రైటు. 3.7 + 2.15: తప్పు, 5.22 పెట్టింది. 4.25 + 1.31: రైటు. ఇవన్నీ ‘జ్ఞానం’ కింద ఉన్నాయి.

సిరాచుక్క
5.22! 3కీ 2కీ 5, 7కీ 15కీ 22. ఆ ఆప్షన్ అక్కడ పెట్టిందే ఇలా పట్టుకోవడానికి. రాసినాయనకు విషయం తెలుసు, రిపోర్టు వేసిన సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

అడ్డుప్రశ్న
సరే, ఒప్పుకున్నా. ముందే చెప్పి కొట్టారు.

మరి ఇదంతా మనిషి కూర్చుని చేయాల్సిందేనా? వెయ్యిమంది పిల్లలుంటే? ఇలాంటివి పట్టుకునే మోడళ్లు లేవా?

గణాంకం
ఉన్నాయి, నలభై ఏళ్ల పైనుంచి. కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి.

1978లో బ్రౌన్, బర్టన్ అనే పరిశోధకులు ‘బగ్గీ’ అనే ప్రోగ్రామ్ గురించి రాశారు. తీసివేతల్లో పిల్లల తప్పులను ప్రోగ్రామ్‌లో బగ్‌లా చూశారు. 52 − 27 అంటే 35 రాసే పిల్ల ఉంటుంది చూడండి, ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తుంది. అది అజాగ్రత్త కాదు, ఒక పద్ధతి. అదే పద్ధతి 81 − 46కు 45 ఇస్తుందని ముందే చెప్పొచ్చు. పైన పంతులుగారు చేసింది సరిగ్గా ఇదే.

1983లో కికుమి తత్సువోకా, జవాబుల వరుస చూసి ఏ నైపుణ్యాలు వచ్చో ఏవి రావో అంచనా వేసే ‘రూల్ స్పేస్’ పద్ధతి తెచ్చారు. ఆమె పేరుతోనే ఇప్పటికీ తిరిగే డేటా ఒకటుంది: 536 మంది విద్యార్థులు, భిన్నాల తీసివేతలు 20. ఈ రంగంలో కొత్త మోడల్ ఎవరు రాసినా ముందు దాని మీదే నడిపి చూస్తారు. ఇందులో అసలు పట్టు క్యూ మ్యాట్రిక్స్ అనే పట్టికలో ఉంది. అడ్డం వరుసల్లో ప్రశ్నలు, నిలువు వరుసల్లో నైపుణ్యాలు. ఆ ప్రశ్నకు ఆ నైపుణ్యం కావాలంటే 1, అక్కర్లేదంటే 0. ఆ 20 ప్రశ్నలకు ఎక్కువగా 8 నైపుణ్యాల పట్టిక వాడతారు: పూర్ణసంఖ్యను భిన్నంగా మార్చడం, హారాలను సమానం చేయడం, పూర్ణభాగం నుంచి అప్పు తెచ్చుకోవడం, ఇలాంటివి. ఎనిమిదిలో ఏవి వచ్చు, ఏవి రావు అనే కలయికలు 256. మోడల్ పని పిల్ల ఆ 256లో ఏ గూట్లో ఉండొచ్చో సంభావ్యత చెప్పడం.

అన్నిటికన్నా తేలికైనది డీనా మోడల్. ఒక ప్రశ్నకు కావాల్సినవన్నీ వస్తే రైటవుతుంది, ఒక్కటి రాకపోయినా తప్పవుతుంది. అయితే వచ్చినవాళ్లు కూడా ఒక్కోసారి జారతారు, రానివాళ్లకు కూడా గుడ్డిగా తగులుతుంది. ఆ రెండిటికీ ప్రతి ప్రశ్నకూ ఒక్కో సంఖ్య ఉంటుంది.

ఉదాహరణకు జారే అవకాశం 10%, గుడ్డిగా తగిలే అవకాశం 20% ఉన్న ప్రశ్న తీసుకోండి. పిల్లకు ఆ నైపుణ్యం ఉందో లేదో మొదట సగం సగం అనుకుందాం. ఒక ప్రశ్న రైటయితే ‘వచ్చు’ అనే నమ్మకం 50% నుంచి 82%కి వెళ్తుంది. అలాంటివి రెండూ రైటయితే 95%. ఒకటి రైటు, ఒకటి తప్పయితే 36%. అంటే ఏమీ తేలలేదన్నమాట. ఒక నైపుణ్యానికి రెండే ప్రశ్నలుంటే చాలామంది పిల్లలు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటారు.

అడ్డుప్రశ్న
బాగుంది. అయితే ఆ పట్టిక నింపేది ఎవరు?

గణాంకం
మనుషులే. అదే దీని బలహీనత. నిపుణులు కూర్చుని, ఈ ప్రశ్నకు ఇది కావాలి అని రాస్తారు. వాళ్లు తప్పు రాస్తే మోడల్ నోరు మూసుకుని ఆ తప్పునే చక్కటి దశాంశ స్థానాలతో తిరిగిస్తుంది. పట్టికను డేటాతో సరిచూసే పద్ధతులు వచ్చాయి. డీనా కాఠిన్యాన్ని సడలించి 2011లో డె లా టోరే అనే పరిశోధకుడు ‘జి-డీనా’ తెచ్చాడు. అందులో సగం నైపుణ్యాలున్నవాళ్లకు కొంత అవకాశం ఉంటుంది. అయినా ఒక చిక్కు ఉండనే ఉంది. ఒక నైపుణ్యం ఎప్పుడూ ఇంకోదానితో కలిసే వస్తుంటే, ఆ రెంటినీ ఏ మోడలూ విడదీయలేదు. ప్రతి నైపుణ్యానికీ అదొక్కటే కావాల్సిన ప్రశ్న కనీసం ఒకటైనా ఉండాలి. మార్కులు ఇచ్చి ర్యాంకు వేయడానికి తయారైన పరీక్షల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఉండదు. అక్కడ ప్రశ్నలు ఎంచుకునేది, మొత్తం మార్కుతో కలిసి నడుస్తాయా లేదా అని చూసి. అన్నీ ఒకే దిక్కుకు లాగాలని ఏరిన ప్రశ్నల్లో తర్వాత ఎనిమిది దిక్కులు వెతుకుతామంటే ఎలా?

పలకబలపం
ఇంకో రెండు కలపండి. ఒకటి: ఒకే లెక్కకు రెండు దారులుంటాయి. 4 1/3 − 2 2/3 తీసుకోండి. ఒక పిల్లాడు రెంటినీ అపక్రమ భిన్నాలు చేసి 13/3 − 8/3 అంటాడు. ఇంకో పిల్ల 4లోంచి 1 అప్పు తెచ్చి 3 4/3 − 2 2/3 అంటుంది. ఇద్దరికీ 1 2/3 వస్తుంది. కావాల్సిన నైపుణ్యాలు మాత్రం వేరు. తత్సువోకా డేటాలోనే ఈ రెండు దారుల వాళ్లూ ఉన్నారు. పట్టికలో ఒకే వరుస రాస్తే ఒకరికి అన్యాయం.

రెండు: బగ్‌లు కదులుతాయి. ఇవాళ 35 రాసిన పిల్ల రేపు ఇంకో తప్పు చేస్తుంది. ఎక్కడ ఇరుక్కుందో ఆ చోటు అదే, బయటపడటానికి చేసే మరమ్మతు మారుతుంది. బ్రౌన్, వాన్‌లేన్ 1980లో దీని గురించే రాశారు. కాబట్టి ఒక్క రోజు పరీక్ష చూసి ‘ఈ పిల్లకు ఫలానా బగ్’ అని ఫైల్లో ఎక్కించేయకండి.

తరగతిగది7
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా స్కూల్లో, టిమ్స్ వాళ్లు బయటికి విడుదల చేసిన ప్రశ్నలు తీసుకుని పిల్లలకు పెట్టి, ‘జ్ఞానం, అన్వయం, తర్కం’ ప్రొఫైల్ చేద్దామంటున్నారు. అంతర్జాతీయ పరీక్ష కాబట్టి గట్టిగా ఉంటుంది కదా?

గణాంకం
ప్రశ్నలు గట్టివే. కానీ టిమ్స్ కొలిచేది పిల్లను కాదు, దేశాన్ని. 1995 నుంచి నాలుగేళ్లకోసారి 4, 8 తరగతులకు (1999లో మాత్రం ఎనిమిదికే) జరుగుతోంది. ప్రశ్నలన్నీ ఒక్కరికి ఇవ్వరు. 14 బుక్‌లెట్లుగా పంచే డిజైన్‌లో గణితం బ్లాకులు 14 ఉంటే, ఒక్కో విద్యార్థి చేతికి వచ్చేవి రెండే. ఆ కొద్ది జవాబులతో లక్షల మంది సగటు బాగా తేలుతుంది, ఒక్కరి మార్కు తేలదు. అందుకే ఒక్కో విద్యార్థికి ఒక మార్కు కాకుండా, అది ఎంత ఉండొచ్చో చెప్పే కొన్ని సంభావ్య విలువలు ఇస్తారు. పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే అంతర్జాతీయ సర్వే పీసా కూడా ఆ కోవలోదే. ప్రశ్నలు తీసుకుని క్లాసులో చర్చ పెట్టండి, బంగారంలా పనికొస్తాయి. ప్రొఫైల్ మాత్రం వద్దు.

నీలిమేఘం
నిన్న రాత్రి అమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను. 0.4, 0.275 రాసి ఏది పెద్దదన్నాను. “275 పెద్దది కదమ్మా” అంది. “పోనీ 0.5, 0.275?” అంటే కాసేపు ఆగి “0.5 అంటే సగం... ఇది సగం కన్నా తక్కువే... ఆగు” అని మళ్లీ పైకి చూసింది. నేనేం మాట్లాడలేదు.

40వది టైమ్ లేక వదిలేసిందట. ఇంట్లో చేయమంటే “మొదటిదానికి 4, తర్వాత ప్రతి చదరానికి మూడే, గోడ ఒకటి ముందే ఉంది కదా” అని 4 + 19 × 3 = 61 వేసింది.

లెక్కలపంతులు
మాట్లాడకపోవడం మంచి పని చేశారు. ‘ఆగు’ అన్నదే ఆ క్షణంలో ఏ చార్టూ పట్టుకోలేనిది. సగం, పావు తెలుసు కాబట్టి అక్కణ్నుంచే ఎక్కించండి. సంఖ్యారేఖ గీసి 0, 1 పెట్టి, 0.5 తనే గుర్తు పెట్టాలి. తర్వాత 0.4. తర్వాత 0.4కు 0.5కు మధ్యనున్న ముక్కను పది భాగాలు చేయమనండి. 26వ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

తరగతిగది7
మేము సున్నాలు చేర్చమని చెబుతాం. 0.400, 0.350, 0.275. అప్పుడు అందరికీ రైటే వస్తుంది.

పలకబలపం
వస్తుంది, అందుకే నాకు భయం. సున్నాలు చేర్చాక అవి మళ్లీ 400, 350, 275 అయిపోతాయి. పూర్ణసంఖ్యల్లా చదివే అలవాటు చెక్కుచెదరదు, దానికి ఒక ముసుగు దొరుకుతుంది. తర్వాతి పరీక్షలో ఆ పిల్లకు మార్కులు వస్తాయి, ఇక మనకు కనపడదు. డబ్బు ఉదాహరణ కూడా అంతే. పాయింటు తర్వాత ఎప్పుడూ రెండే అంకెలు కాబట్టి అటొక సంఖ్య, ఇటొక సంఖ్య అనుకున్నా నడిచిపోతుంది.

లెక్కలపంతులు
సున్నాల విషయంలో నేను మీతో పూర్తిగా ఏకీభవించను. 0.4 అంటే వెయ్యిలో నాలుగు వందల భాగాలని అర్థమయ్యాక సున్నాలు చేర్చడం మంచి పనిముట్టే. ముందు వెనకల సంగతి మాత్రం మీరన్నదే.

నీలిమేఘం
స్కూల్‌కి ఏం రాయాలో అర్థమైంది. ‘లోపం’ అనే వాక్యం తీసేసి, ప్రశ్నలవారీ జవాబులు ఇస్తే చాలని అడుగుతాను. కోర్సులో చేర్చడం లేదు. దశాంశాలు పట్టుబడ్డాయో లేదో కొన్నాళ్లాగి ఎలా చూసుకోవాలి? అవే ప్రశ్నలు పెడితే గుర్తుపెట్టుకుని చెప్పేస్తుంది.

సిరాచుక్క
ఈ జతలు రాసి ఉంచుకోండి. ప్రతి జతలో పెద్దది గుర్తించాలి, ఎందుకో చెప్పాలి.

2.7, 2.46: ఎక్కువ అంకెలున్నదే పెద్దదనుకునేవాళ్లు ఇక్కడ పడతారు.
3.841, 3.52: ఇందులో వాళ్లకు తప్పు కారణంతో రైటొస్తుంది. ‘తక్కువ అంకెలుంటే పెద్దది’ అనుకునే ఇంకో రకం వాళ్లు పడతారు.
6.03, 6.2: 03ను 3గా చదివేవాళ్లు దొరుకుతారు.
1.37, 1.3724: రెండు స్థానాల తర్వాత చూడనివాళ్లు ‘సమానం’ అంటారు.
5.81, 5.36: ఇది అందరికీ వస్తుంది. రాకపోతే వేరే సంగతేదో ఉంది.

మొదటిది రైటయి రెండోది తప్పయితే కంగారు పడకండి. పాత నియమాన్ని వదిలి దాని తిరగేసిన నియమాన్ని పట్టుకున్నట్టు. దారి మధ్యలో ఇది మామూలే.

తరగతిగది7
ఈ జతలు మా క్లాసుకు వాడుకోవచ్చా? 38 మంది ఉన్నారు, ఒక్కొక్కరినీ అడగడం కుదరదు.

సిరాచుక్క
నిరభ్యంతరంగా వాడుకోండి. ఒక్కో రకానికి కనీసం మూడు నాలుగు జతలు చేయండి, కలగాపులగంగా పెట్టండి, మార్కులు మాత్రం వేయకండి. జవాబుల వరుస చూసి గుంపులు చేసుకోండి. ఏ గుంపులోనూ ఇమడని నలుగురైదుగురు మిగులుతారు. విడిగా కూర్చోబెట్టి అడగాల్సింది వాళ్లనే.